ఎఱ్ఱ డీజిలు, తెల్ల డీజిలు: ట్రాక్టరుగల రైతులు తెలిసికొనవలసిన సంగతులు

గత మాసమున మన సంఘ కార్యాలయములో ఎరువుల పంపకము జరుగుచుండగా సభ్యులలో నొక పెద్దరైతు నన్ను పిలిచి యిట్లడిగెను: "డిమాన్‌స్ట్రేటరుగారూ, మా అల్లుడు అమెరికాలో నున్నాడు. అక్కడ పొలము పనులకు ఎఱ్ఱని డీజిలు వేరుగా అమ్ముదురట. రోడ్డు బండ్లకు పోసెడి దానికంటె అది చౌకయట. నిన్న మన యూరికి కూడ నొకడు పీపాలతో వచ్చి, ఇది ట్రాక్టరు డీజిలు, బంకులో కంటె లీటరుకు పదునైదు రూపాయలు తక్కువ యని చెప్పిపోయినాడు. అదియు నిదియు నొకటేనా? కొనవచ్చునా?"

చుట్టునున్నవారందరును ఆ సమాధానము వినగోరి దగ్గరకు వచ్చిరి. నాడు పనుల తొందరలో "రెండును ఒకటి కావు, కొనవలదు" అని మాత్రము చెప్పగలిగితిని. కారణము తెలియని హితవు చెవిలో నిలువదు. కావున ఆ కారణములను ఈ పత్రికాముఖమున సభ్యులకు విన్నవించుచున్నాను.

ఎఱ్ఱ డీజిలనగా నేమి?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో డీజిలు రెండు విధములుగా అమ్మబడును. లారీలు, బస్సులు, కార్లు మొదలగు రోడ్డు బండ్లకు పోయునది రంగు లేనిది. పొలములో నడచెడి ట్రాక్టర్లు, కోతయంత్రములు, నీటిని తోడు ఇంజన్లు మొదలగువానికి పోయునది ఎఱ్ఱరంగు కలిపినది. ఆ రంగు పేరు సాల్వెంటు రెడ్ 164. అక్కడి నిబంధన ప్రకారము వేయి బ్యారెళ్ళ నూనెకు, అనగా సుమారు 1,59,000 లీటర్లకు, కనీసము 3.9 పౌనుల ప్రామాణికపు రంగునకు సమానమైనంత కలుపవలెను. మన లెక్కలో నిది సుమారు 1 కిలో 770 గ్రాములు. ఇంత స్వల్పమైన రంగు ఇంజనునకు బలము నీయదు, కీడును చేయదు. అది కేవలము గుర్తు. ఏ నూనెపై రోడ్డు పన్ను చెల్లలేదో ఆ నూనెను కంటితో చూచి పోల్చుకొనుటకే దానిని కలుపుదురు.

ఇంగ్లండులో కూడ ఇట్టి ఎఱ్ఱ డీజిలు గలదు. అక్కడ రంగులేని దానిని తెల్ల డీజిలందురు. ఐర్లండులో రైతుల డీజిలునకు ఆకుపచ్చరంగు వేయుదురు. రంగు ఏదైనను ఉద్దేశ మొక్కటే.

ధరలో భేద మెందువలన?

రోడ్లు వేయుటకును, బాగుచేయుటకును వలయు ధనమును ప్రభుత్వము డీజిలుపై పన్నుగా రాబట్టును. రోడ్డును అరగదీయు లారీవాడు ఆ పన్ను నిచ్చుట న్యాయము. పొలము దున్ను ట్రాక్టరు రోడ్డును అరగదీయదు గదా! అందుచేత దాని నూనెకు ఆ పన్ను వలదని అక్కడి చట్టము. అమెరికా కేంద్రప్రభుత్వపు రోడ్డు పన్ను గాలనుకు దాదాపు 24 సెంట్లు. గాలననగా అక్కడి కొలతలో 3.785 లీటర్లు. 500 గాలనుల ఎఱ్ఱ డీజిలు కొన్న రైతునకు ఈ లెక్కను సుమారు 120 డాలర్లు మిగులును. దీనికి తోడు ఆయా రాష్ట్రములు వేయు పన్ను కూడ సాధారణముగా తగ్గును.

ఇంగ్లండులో ఈ భేదము మరింత హెచ్చు. 2022 మార్చిలో అక్కడ నిర్ణయించిన రేట్ల ప్రకారము తెల్ల డీజిలుపై లీటరుకు 52.95 పెన్నీలు సుంకము, ఎఱ్ఱ డీజిలుపై 10.18 పెన్నీలు. అనగా వేయి లీటర్లకు సుమారు 427 పౌనుల 70 పెన్నీలు భేదము. ఆ సంవత్సరమే ఏప్రిలు 1వ తేదీనుండి ఇండ్లు కట్టువారు మొదలగు పెక్కుమందికి ఆ సదుపాయము తీసివేయబడినది. వ్యవసాయము, తోటపని, అడవుల పెంపకము, చేపల పెంపకము మున్నగు కొన్ని పనులకు మాత్రము నిలిచినది.

కాబట్టి పాఠకులు మొట్టమొదట మనసున నుంచుకొనవలసిన దేమనగా: ఆ దేశములలో రైతు డీజిలు చౌకయగుట నూనె తక్కువరకమగుటచే గాదు, పన్ను తగ్గుటచేతనే.

నూనెలో నిజముగా భేద ముండెడి కాలము

అయితే ఒకప్పుడు ఆ రెండింటికిని నిజమైన భేదము లేకపోలేదు. అది గంధకము విషయమున.

భూమినుండి తీసిన ముడినూనెలో గంధకము సహజముగా నుండును. డీజిలుతోబాటు అదియు మండి, తేమతో గలసి ఆమ్లముగా మారును. ఆ ఆమ్లము సిలిండరు గోడలను తినివేయును, ఇంజనాయిలును త్వరగా పాడుచేయును. పొగగొట్టమున అమర్చు నూతనపు శుద్ధిసాధనములకు గంధకము విషమువంటిది. అందుచేత అమెరికాలో 1993 అక్టోబరు నుండి రోడ్డు డీజిలులో గంధకము పదిలక్షల పాళ్ళకు 500 పాళ్ళు మించరాదని కట్టడి చేసిరి. అంతకు పూర్వము అది 5,000 పాళ్ళవరకు నుండెడిది. పొలముల డీజిలునకు ఆ కట్టడి వర్తింపలేదు. రోడ్డు డీజిలు పరిమితిని 2006లో 15 పాళ్ళకు దింపిరి. పొలముల డీజిలునకు 2007లో 500, 2010లో 15 పాళ్ళ పరిమితి వచ్చినది. అప్పటినుండి రెండింటికి గంధకపు పరిమితి యొక్కటే. ఇంగ్లండులోను, తక్కిన ఐరోపా దేశములలోను 2011 నుండి పొలపు యంత్రముల డీజిలునకు కూడ 10 పాళ్ళ పరిమితి యేర్పడినది.

అనగా ఎఱ్ఱ డీజిలు పూర్వము ముతకనూనెయే. నేడు అది తెల్ల డీజిలునకు తోబుట్టువు, రంగు మాత్రమే వేరు. "పొలపు నూనె మురికినూనె, ట్రాక్టరునకు దేనిని పోసినను నడచును" అను మాట ఆ పాతకాలమున పుట్టినదే. కాలము మారినను మాట మిగిలిపోయినది. మన యూళ్ళలో పీపాలతో తిరుగువానికి ఈ పాతమాటయే పెట్టుబడి.

ఒకదానికి బదులొకటి పోయవచ్చునా?

తెల్ల డీజిలును ట్రాక్టరునకు ఎప్పుడైనను పోయవచ్చును. ఇంజనునకు హాని లేదు, చట్టమునకు విరోధము లేదు. హెచ్చు పన్ను మాత్రము పడును. అమెరికా రైతు అట్లు పోసినచో లెక్కలు చూపి ఆ పన్నును వాపసు పొందు మార్గము కూడ గలదు.

ఎఱ్ఱ డీజిలును లారీలో పోయుట మాత్రము నేరము. అధికారులు దారిలో బండి నాపి, టాంకునుండి నూనె తీసి రంగు చూతురు. అమెరికా చట్టము ప్రకారము జుల్మానా వేయి డాలర్లు, లేక గాలనుకు పది డాలర్లు, ఈ రెంటిలో ఏది హెచ్చైన నది. మరల మరల పట్టుబడినచో వేయి డాలర్ల మొత్తము హెచ్చుచు పోవును. ఒక్క లెక్క చూడుడు. 30 గాలనుల టాంకు నింపి దొంగిలించిన కేంద్రపు పన్ను సుమారు 7 డాలర్ల 20 సెంట్లు. పట్టుబడినచో ఇచ్చుకొనవలసినది 1,000 డాలర్లు.

మన దేశమున సంగతి

ఇక మన విషయమునకు వత్తము. భారతదేశమున రైతుల ట్రాక్టర్లకని వేరుగా రంగువేసి, పన్ను తగ్గించి బంకులలో అమ్మెడి డీజిలు లేదు. లారీకి పోసినదే ట్రాక్టరునకు, ఆయిలింజనుకు, కోతయంత్రమునకు పోయుదురు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట భారత్ స్టేజి 6 రకపు డీజిలే అమ్మకమునకు వచ్చినది. దానిలో గంధకము పదిలక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించరాదు. 2010 నాటి స్టేజి 3 డీజిలులో 350 పాళ్ళును, 2017లో దేశమంతట వ్యాపించిన స్టేజి 4 డీజిలులో 50 పాళ్ళును పరిమితిగా నుండెను. సులభముగా మండు గుణమును తెలుపు సీటేను సంఖ్య మన ప్రమాణమున 51కి తక్కువ కారాదు. అమెరికా ప్రమాణమున అది 40. కనుక మన పల్లె బంకులో పోయు డీజిలు, కల్తీ లేనిదైనచో, ఏ దేశపు రైతు నూనెకును తీసిపోదు.

మన దేశమున నూనెకు రంగు కలుపు పద్ధతి యొకటి యున్నది, కాని యది డీజిలునకు గాదు. రేషను కిరోసినునకు నీలిరంగు కలిపిరి. పేదల దీపమునకును పొయ్యికిని ఇచ్చిన కిరోసినును తీసికొనిపోయి డీజిలులో కలుపకుండుటకే ఆ యేర్పాటు.

దీనినిబట్టి తేలిన దేమి? మన దేశమున "ట్రాక్టరు డీజిలు" అను పేరుతో చౌకగా అమ్మదగిన సరకే లేదు. లేని సరకును అమ్మువాడు మరియేదో అమ్ముచున్నాడన్నమాట.

ఆ మరియేదో యేమిటి?

అది కిరోసిను కలిపినది కావచ్చును. రంగుల కర్మాగారములలో వాడు పలుచని ద్రావకము కావచ్చును. వాడి పారవేసిన ఇంజనాయిలును వడగట్టినది కావచ్చును. కర్మాగారపు ముతకనూనెకు బయోడీజిలని పేరు పెట్టినది కావచ్చును. నిజమైన బయోడీజిలు నూనెగింజలు మొదలగువానినుండి శాస్త్రోక్తముగా చేయబడునది. దానిని డీజిలులో కలుపుటకు అమ్ము విధమునుగూర్చి కేంద్రప్రభుత్వము 2019 ఏప్రిలులో నియమములు వెలువరించినది. పీపాలలో నింపి ఊరూర తిరిగి రసీదు లేకుండ అమ్ముట ఆ నియమములలో లేదు.

వీనివలని హాని యెట్టిదో చెప్పెదను. డీజిలు పంపులోని ప్లంజర్లకు వేరే కందెన లేదు. డీజిలే వానికి కందెన. గంధకము తీసివేయునపుడు నూనెకు సహజమైన జిడ్డుగుణము కొంత తగ్గును గనుక, శుద్ధికర్మాగారమువారు తగిన మందు కలిపి ఆ లోపమును సరిదిద్దుదురు. పలుచని కిరోసినో ద్రావకమో కలిసినచో ఆ జిడ్డు పోయి, ఇనుము ఇనుమును రాచుకొని పంపు అరుగును. ముతకనూనె కలిసినచో ఫిల్టరు మూసికొనును, నాజిళ్ళు సన్నని తుంపరకు బదులు ధారగా పోయును, పొగ నల్లబడును. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి పైబడిన కొత్త ట్రాక్టర్లకు కఠినతరమైన పొగ నియమములు వచ్చినవి. అట్టి ఇంజన్ల పంపులు, నాజిళ్ళు మిక్కిలి సున్నితమైనవి, ఖరీదైనవి. పాత ట్రాక్టరు కొన్నాళ్ళు సహించిన కల్తీని కొత్తది సహింపదు. వేరొక ప్రమాదము కూడ గలదు. ద్రావకము కలిసిన నూనె తక్కువ వేడికే ఆవిరిగా లేచి నిప్పంటుకొనును. ఇంటి వసారాలో పీపా, ప్రక్కనే పొయ్యి యుండు మన యిండ్లలో ఇది ప్రాణముతో చెలగాటము.

నేను కన్న యొక యుదాహరణము

పొరుగు గ్రామమున నొక రైతు గత సార్వాలో ఇట్టి నూనె 200 లీటర్లు కొనెను. లీటరుకు పదునైదు రూపాయల చొప్పున మూడువేలు మిగిలినవని సంతసించెను. కాలువకు నీరు వచ్చి దమ్ము మొదలైన నాలుగవ దినమున ఇంజను వేడెక్కినపుడెల్ల ఆగిపోవుటయు, చల్లారిన పిమ్మట కదలుటయు మొదలాయెను. ఆరవ దినమున అసలు కదలలేదు. మెకానిక్కు పంపు విప్పి చూపగా ప్లంజర్లపై గీతలు నాకును కనబడినవి. పంపు బాగుచేయుటకు, నాజిళ్ళు మార్చుటకు పదునెనిమిదివేలు. అద్దె ట్రాక్టరుతో దమ్ము ముగించుటకు వేరే ఖర్చు. అందరి ట్రాక్టర్లును పనిలోనున్న దినములగుటచే అద్దెబండి దొరకుటకు వారము పట్టెను. ఈలోగా నారు ముదిరెను. ఆ రైతు నాతో, "డబ్బు పోయినందుకు కాదండీ, అదను పోయినందుకు బాధ" యని చెప్పిన మాట నేనింకను మరువలేదు. అమ్మినవానిని వెదకుటకు రసీదు లేదు, పేరు తెలియదు, ఊరు తెలియదు.

సభ్యులు పాటింపవలసిన నియమములు

1. డీజిలును లైసెన్సుగల బంకునందే కొని రసీదు తీసికొనవలెను. పంపు చెడినచో హక్కు అడుగుటకు ఆ కాగితమే ఆధారము.

2. రంగు చూచి నూనె మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. రంగు కలుపుట సులభము, తీసివేసితిమని చెప్పుట మరింత సులభము.

3. అనుమానము కలిగినపుడు బంకులో సాంద్రత చూపుమని అడుగవచ్చును. వారియొద్ద హైడ్రోమీటరు, ఉష్ణమాపకము ఉండవలెను. 15 డిగ్రీల వేడికి సరిచేసి చూచినపుడు, సరకు వచ్చిననాటి సాంద్రతకును నేటిదానికిని ఘనమీటరుకు 3 కిలోలకంటె హెచ్చు భేద ముండరాదు. కొలతపై అనుమానమున్నచో ముద్రవేసిన ఐదు లీటర్ల పాత్రలో పోసి చూపుమని అడుగుటకు కొనువానికి హక్కు గలదు.

4. ఇంటియొద్ద పీపా నుంచువారు దానిని నీడలో, పొయ్యికి దూరముగా, మూత బిగించి, కొంచెము వాలుగా నుంచవలెను. నీరు, మడ్డి పల్లపువైపు చేరును. నూనెను మిట్టవైపునుండి తీయవలెను. అడుగు నాలుగు వ్రేళ్ళ నూనెను ట్రాక్టరులో పోయరాదు. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము ప్రకారము డీజిలువంటి రెండవ తరగతి నూనెను లైసెన్సు లేకుండ ఒకచోట 2,500 లీటర్లకు మించి యుంచరాదు. ఏ యొక్క పాత్రయు వేయి లీటర్లకు మించరాదు.

5. సాయంకాలము పని ముగిసిన వెంటనే టాంకు నింపుట మేలు. ఖాళీ టాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై దిగును. ఫిల్టరు క్రింది నీటిమరను అప్పుడప్పుడు విప్పి నీరు వదలవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనరాదు.

6. కల్తీనూనె అమ్మువాడు ఊరికి వచ్చినచో కొనకుండుట మాత్రమే చాలదు. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రింద 2005లో వెలువడిన ఉత్తర్వు ప్రకారము డీజిలు కల్తీ శిక్షార్హమైన నేరము. పౌరసరఫరాల అధికారికి వెంటనే తెలుపవలెను. తాను తప్పించుకొని పొరుగువానిని హెచ్చరింపనివాడు సహకార సభ్యుడు కాజాలడు.

చౌక డీజిలు కోరుట తప్పా?

కాదు. పొలములో మండిన నూనెకు రోడ్డు పన్ను ఏల యని అడుగుట న్యాయమైన ప్రశ్నయే. ఆ ప్రశ్నకు సమాధానము పీపాలలో దొరకదు, లెక్కపుస్తకములో దొరకును. జర్మనీలో రైతుల డీజిలునకు రంగు వేయలేదు. రైతు పూర్తిపన్ను చెల్లించి, పిమ్మట లెక్కలు చూపి లీటరుకు 21.48 సెంట్లు వాపసు పొందెడివాడు. ఆ సదుపాయమును తొలగించ తలపెట్టగా 2024 జనవరిలో రైతులు ట్రాక్టర్లతో బెర్లిను నగరమునకు పోయి తమ గోడు వినిపించిరి. మన ఆంధ్రప్రదేశమునందే సముద్రముపై వేటాడు మరపడవల డీజిలునకు సబ్సిడీ గలదు. 2019లో దానిని లీటరుకు 6 రూపాయల 3 పైసలనుండి 9 రూపాయలకు పెంచిరి. రంగునూనె లేకుండగనే, పడవ నమోదు పత్రములను బట్టియే బెస్తవారి కా సహాయ మందినది.

మన రైతులకును అట్టి సహాయ మెన్నడైన కావలెనన్నచో, "ఈ సంవత్సరము మా సంఘ సభ్యుల ట్రాక్టర్లు ఇన్ని ఎకరములు దున్నినవి, ఇన్ని లీటర్లు త్రాగినవి, ఇవిగో రసీదులు" అని చూపగలవారమై యుండవలెను. అందుచేత ట్రాక్టరుగల ప్రతి సభ్యుడును ఒక చిన్న పుస్తకమున తేదీ, చేసిన పని, నడచిన గంటలు, పోసిన లీటర్లు వ్రాసికొనుట నేడే మొదలుపెట్టవలెనని నా మనవి. అర్జీ పెట్టు దిన మెప్పుడు వచ్చినను సరే, ఆ పుస్తకము మరియొక మేలును వెంటనే చేయును. గంటకు త్రాగు నూనె అకస్మాత్తుగా పెరిగినచో ఇంజనులో నేదో లోపము పుట్టినదని మెకానిక్కు కంటె ముందుగా పుస్తకమే చెప్పును.

ఆ పెద్దరైతు ప్రశ్నకు నా సమాధాన మిది: అల్లుడుగారు చెప్పిన ఎఱ్ఱ డీజిలు సత్యమే, మంచి నూనెయే, పన్ను తగ్గుటచే చౌకయైనది. పీపాలవాడు తెచ్చినది మాత్రము పన్ను తగ్గినందున చౌక కాలేదు, నూనె తగ్గినందున చౌకయైనది. పిండికొద్ది రొట్టె. దమ్ము దినములు సమీపించుచున్నవి గనుక సభ్యులు ఈ విషయమును తమ పాలేళ్ళకును, ట్రాక్టరు తోలువారికిని చదివి వినిపింతురు గాక.